ఎక్కే బండికి దారి

మెట్టస్వామిని ప్రశ్న అడగడం తేలిక, జవాబు పుచ్చుకోవడమే కష్టం. అడిగిన మాట పూర్తిగా వింటాడు, తల ఊపుతాడు, ఆ తరువాత కాఫీ మొక్కలకు నీడ చాలుతోందా లేదా అని వాకబు చేస్తాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయనకు చెముడేమో అనుకుంటారు. పాతవాళ్లు మాత్రం దండం పెట్టి నోరు మూసుకుని వెళ్లిపోతారు. జవాబు ఆ రోజో, ఆ వారమో, ఎటునుంచో ఒకటి వచ్చి మీద పడుతుందని, తప్పించుకోవడం తమ చేతిలో లేదని వాళ్లకు అనుభవం. కోపం ఎలా పోతుందని అడిగిన ఒక పంతులుగారిని స్వామి మూడు నెలలు వంటింట్లో చింతపండు పిసకడానికి వేశాడట. కోపం పోయిందో లేదో తెలియదు గాని, ఆ మూడు నెలలూ పులుసు అమృతంలా ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన ఆశ్రమం మంచుమెట్ట మీద ఉంది. నర్సీపట్నం దాటి మన్యంలోకి ఎక్కే రోడ్డు వదిలి పక్కకు తిరిగితే కింద ఒక గేటు, కొండ పైన ఒక ధ్యానమందిరం, ఆ రెంటికీ మధ్య మూడు కిలోమీటర్ల సిమెంటు బాట. బాటకు ఒక పక్క కొండరాయి, మరో పక్క కాఫీ తోట. ఒక బండి, దాని పక్కన ఒక మనిషి పట్టేంత వెడల్పే ఉంటుంది కనుక కార్లను పైకి రానివ్వరు. విశాఖలో ఒక క్లబ్బు వాళ్లు గోల్ఫ్ ఆటకు వాడి వాడి పాతబడిన బ్యాటరీ బండ్లు ఆరింటిని ఆశ్రమానికి ఇచ్చారు. ఆ ఆట ఎలా ఉంటుందో మెట్ట మీద చూసినవాళ్లు లేరు. బండి వెనక ఆటకర్రలు నిలబెట్టుకునే తొట్టిలో ఇప్పుడు ముసలివాళ్ల చేతికర్రలూ గొడుగులూ నిలబడి ప్రయాణం చేస్తుంటాయి. చప్పుడు లేని బండ్లు అవి. మంచు కమ్మిన పొద్దున ఎదురుగా వస్తుంటే వస్తున్నట్టే ఉండదు, ఉన్నట్టుండి అక్కడ ఉంటాయి.

ఎదురుపడిన బండ్లు తప్పుకోవడానికి బాట పొడుగునా పదకొండు చోట్ల కొంచెం వెడల్పు చేశారు. ఆ చోట్లను బండ్లవాళ్లు అరుగులంటారు. ఆశ్రమం చేసింది అంతవరకే. మిగతా మర్యాదలన్నీ బండ్లవాళ్లే వాడుకలోకి తెచ్చుకున్నారు. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, ఎందుకంటే మనుషుల బరువుతో ఎక్కే బండి ఏటవాలులో ఆగితే మళ్లీ కదలడానికి ఆయాసపడుతుంది. నడిచేవాళ్ల వెనక హారన్ కొట్టకూడదు, దగ్గరికి వచ్చాక నెమ్మదిగా “ఒస్తన్నానండి” అనాలి. దారి ఇచ్చినవాడి పక్కనుంచి పోయేటప్పుడు చెయ్యి పైకెత్తాలి. అంతే. ఒక్క పూటలో నేర్చుకోవచ్చు, నేర్చుకున్నాక వాటి గురించి జీవితమంతా దెబ్బలాడుకోవచ్చు.

ఆ బండ్లలో ఒకదాన్ని తోలేవాడు గవరయ్య. నలభై ఎనిమిదేళ్లవాడు. ఆశ్రమానికి రాకముందు ఇరవై ఏళ్లు అనకాపల్లి బెల్లం లారీ తోలాడు, ఆ ఇరవై ఏళ్లలో హారన్ మీదినుంచి చెయ్యి తీసిన పాపాన పోలేదు. స్వామి దగ్గర ఉపదేశం పుచ్చుకుని బ్యాటరీ బండి ఎక్కాక మనిషే మారిపోయాడు. తాను ఎక్కుతున్నా, దిగుతున్నా, ఎదురొచ్చింది ఎవరైనా సరే ముందు అతనే అరుగులోకి తప్పుకునేవాడు. తప్పుకుని, చిరునవ్వుతో చూస్తూ కూర్చునేవాడు. అవతలివాడు చెయ్యి ఎత్తితే గవరయ్యకు కడుపు నిండినట్టుండేది. ఎత్తకుండా పోతే మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు.

ఒకనాటి సాయంత్రం స్వామి ఎదుట చేతులు కట్టుకుని ఆ సంగతే బయటపెట్టాడు.

“స్వామీ, నాలుగేళ్లయింది. ఇన్నాళ్లలో ఒక్క బండిని ఎనక్కి తగ్గనివ్వలేదు. అందరికీ దారిచ్చేను. మరి ఎవుడైనా చెయ్యెత్తకుండా ఎల్లిపోతే రోజంతా నాకిక్కడ మండిపోతాది,” అని గుండె మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. “ఇచ్చినోడికి ఈ మంటేటి స్వామీ? ఇంకా ఎంత ఇస్తే సల్లారతాది?”

స్వామి పూర్తిగా విన్నాడు, తల ఊపాడు. తూర్పు వాలులో నీడచెట్ల కొమ్మలు కొట్టించారా అని అడిగాడు. గవరయ్య ఇంకా కొట్టలేదని చెప్పి, దండం పెట్టి, గుమ్మం దాటబోతుండగా వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. “రేపు పొద్దున నడిచి కిందికి దిగుతాను. పైకి నీ బండిలో వస్తాను.”

గవరయ్యకు ఆ మాట వరంలా తోచింది. తన మర్యాదను స్వామి స్వయంగా కళ్లారా చూడబోతున్నాడు. తెల్లవారుతూనే బండి తుడిచాడు, సీట్ల మీద ఉతికిన దుప్పట్లు పరిచాడు, అద్దానికి ఒక చామంతి కూడా కట్టాడు.

ఆ పొద్దున మంచు అసాధారణంగా కురిసింది. కింది గేటు దగ్గరనుంచి చూస్తే కొండ లేదు, తోట లేదు, బాట పదిగజాలు పైకి పాకి అక్కడే తెల్లగా కరిగిపోయింది. ఆకుల మీదినుంచి నీటిచుక్కలు జారి పడుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. కంబళి కప్పుకుని స్వామి వచ్చి వెనక సీటులో కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడో లేక మంచులోంచి ఒక ముక్క విడివడి అక్కడ చేరిందో అన్నట్టుంది. గవరయ్యకు తానే ఇంకా నిద్ర లేవలేదేమో అనిపించింది.

బండి కదలబోతుండగా గేటు మనిషి ఒక ముసలావిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి స్వామి పక్కన కూర్చోబెట్టాడు. చేతిలో ఒక గుడ్డసంచి, కాళ్లకు తడిసిన చెప్పులు. పేరు నూకరత్నం, ఊరు చోడవరం. మొదటి బస్సుకు బయల్దేరితే మంచుకు బస్సు దారిలో గంటసేపు ఆగిపోయిందట.

“బాబూ, ఎనిమిదికి ముందు పైకి ఎల్లిపోతామా?” అని అడిగింది.

గేటు గదిలో గడియారం ఏడున్నర చూపిస్తోంది. “ఇరవై నిమిషాల దారమ్మా. కంగారు పడకండి,” అన్నాడు గవరయ్య.

ఆవిడ కంగారుకు కారణం ఉంది. ఏడాదికొకసారి మెట్ట మీద మౌనదీక్ష ఇస్తారు. దీక్ష పుచ్చుకున్నవాళ్లు మూడేళ్లపాటు మాట్లాడరు, సైగ చెయ్యరు, రాసి చూపించరు. సరిగ్గా ఎనిమిదికి మందిరంలో శంఖం ఊదుతారు, ఆ క్షణంనుంచి మాట బంద్. శంఖం ఊదే సుభద్రమ్మ గడియారం తప్ప మరో దేవుణ్ణి ఎరగదు. ఒక ఏడు స్వామి రావడమే రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆయన కోసం కూడా ఆగలేదు. ఆ రోజు దీక్ష పుచ్చుకునే ఏడుగురిలో నూకరత్నం చెల్లెలు వరాలమ్మ ఒకతె.

పక్కన కూర్చున్నది ఎవరో నూకరత్నానికి తెలియదు. ఎవరో తనలాంటి ముసలాయన అనుకుంది, తోడు దొరికినట్టు చెప్పుకుపోయింది.

“నిన్న సందేళ తెలిసింది నాయనా, మా వరాలు నోరు కట్టేసుకుంటందని. దాని మాట ఇని తొమ్మిదేళ్లయింది. మా అమ్మ మంచాన పడ్డప్పుడు దానికి కబురు నానే ఆలీసంగా పెట్టేను. రేపటికి తేరుకుంటాదేమో, దూరాబారం దాన్నెందుకు కంగారు పెట్టడం అనుకున్నాను. అది ఒచ్చేసరికి అమ్మకి మాట పడిపోయింది. అమ్మ ఆకరి మాట నాకు దక్కింది, దానికి దక్కలేదు. ఆ రోజునుంచి అది నన్ను అక్కా అని పిలవలేదు. తప్పు నాదే.” ఆవిడ కొంగుతో మొహం మీది మంచుతడి తుడుచుకుంది. “నాకు అరవై ఏడు. మూడేళ్లుంటానో ఉండనో. ఒక్కపాలి దాని నోట అక్కా అనిపించుకుంటే చాలు. తరవాత అది ఎన్నాళ్లు మాటాడకపోయినా పరవాలేదు.”

“ఊఁ,” అన్నాడు స్వామి.

ఈ మాటలన్నీ గవరయ్య చెవిన పడ్డాయి. పడ్డాయి గాని నిలవలేదు. అతని వీపు వీపంతా కళ్లు చేసుకుని వెనక కూర్చున్న స్వామిని చూస్తోంది. స్వామి చూడాలి, తాను ఎలా దారి ఇస్తాడో చూడాలి, అంతకుమించి ఆ పొద్దున లోకంలో మరేమీ లేదు.

రెండో అరుగు దగ్గర పాలక్యాన్ల బండి మంచులోంచి ఊడిపడింది. దిగే బండి కనుక అదే తప్పుకోవాలి, తప్పుకోవడానికి తిరగనే తిరిగింది. ఆ తోలేవాడికన్నా ముందు గవరయ్య తన బండిని అరుగులోకి పోనిచ్చి, రమ్మని చెయ్యి ఊపాడు. పాలవాడు అటూ ఇటూ చూసి, వెనక్కి తిప్పుకుని, మళ్లీ ముందుకు తెచ్చుకుని, దాటిపోతూ చెయ్యి ఎత్తాడు. గవరయ్య తల వంచి అందుకున్నాడు. బండి మళ్లీ ఎత్తు ఎక్కడానికి మూలిగింది.

మూడో అరుగు దాటాక బాట నిండా భక్తులు కనిపించారు. ఇరవైమందికి పైనే ఉంటారు, తెల్లచీరల ఆడవాళ్లు, లోగొంతుతో భజన పాడుకుంటూ నడుస్తున్నారు. మంచులో వాళ్ల పాదాలు కనబడవు, వీపులు మాత్రం ఊగుతూ సాగిపోతున్నాయి. ఆ పాట ముందునుంచి వస్తోందో తోటలోంచి వస్తోందో తెలియకుండా చుట్టూ పరుచుకుంది. “ఒస్తన్నానండి” అని ఒక్క మాట అంటే వాళ్లు పక్కకు జరుగుతారు, అది వాడుకే. గవరయ్య అనలేదు. వాళ్ల వెనకే, వాళ్ల అడుగుల వేగానికి బండిని దించి, కునుకుపట్టిన ఎద్దులా నడిపించాడు.

“పిలవరాదా బాబూ?” అంది నూకరత్నం.

“భజన మధ్యలో పిలిస్తే బాగోదమ్మా,” అన్నాడు గవరయ్య. అన్నాక అద్దంలోంచి స్వామి మొహం చూడబోయాడు. అద్దం నిండా మంచు పట్టి ఉంది.

ఐదో అరుగులో భక్తులు కాళ్లు చాపుకుని కూర్చునేదాకా అలాగే సాగింది. బండి నెమ్మదించినప్పుడల్లా నూకరత్నం ముందుకు వంగేది, తాను వంగితే బండి కదులుతుందన్నట్టు.

ఏడో అరుగు చేరేసరికి పైన, కాస్త దూరంలోనే ఉన్న ఎనిమిదో అరుగులో, ఒక దీపం మసగ్గా కనిపించింది. దిగివస్తున్న సన్నిబాబు బండి అది. మెట్ట మీద అందరికన్నా చిన్నవాడు సన్నిబాబు, బండి పని గవరయ్య దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకున్నట్టే అరుగులోకి తప్పుకుని, ఎక్కే బండి కోసం ఆగి ఉన్నాడు. గవరయ్య కూడా ఏడో అరుగులోకి తప్పుకుని ఆగాడు. రమ్మని చెయ్యి ఊపాడు గాని అంత మంచులో ఆ చెయ్యి ఎవరికి కనబడుతుంది? అందుకని దీపం ఒకసారి ఆర్పి వెలిగించాడు, నువ్వు రా అని. పైన దీపం ఒకసారి ఆరి వెలిగింది, నువ్వే రా అని. గవరయ్య రెండుసార్లు ఆర్పి వెలిగించాడు. పైనా రెండుసార్లు ఆరి వెలిగింది.

అలా ఎంతసేపు గడిచిందో గవరయ్యకు తెలియలేదు. తెల్లని శూన్యంలో రెండు దీపాలు ఒకదాన్నొకటి బతిమాలుకుంటున్నాయి. కాలం కూడా ఎక్కడో ఏదో అరుగులో తప్పుకుని నిలబడ్డట్టుంది. అతనికి హాయిగా ఉంది. శిష్యుడు కూడా తన పాటివాడయ్యాడన్న ముచ్చట ఒకటి, ఇదంతా స్వామి చూస్తున్నాడన్న తృప్తి ఒకటి. మర్యాదలో ఓడిపోవడానికి మాత్రం అతను సిద్ధంగా లేడు.

పైనుంచి గంట వినిపించింది. మంచులో నానిన గంట, మెత్తగా.

“ఆ గంటేటి బాబూ?”

“దీక్ష ఓళ్లని కూకోబెడతన్నారమ్మా. ఇంకో పది నిమిషాలకి శంఖం.”

నూకరత్నం సంచి చంకలో పెట్టుకుంది. బండి కమ్మీ పట్టుకుని ఒక కాలు కిందికి దించింది. “నాను నడిచెల్లిపోతాను,” అంది. ఆ కాలు తడి సిమెంటు మీద జారింది.

“కూర్చోండమ్మా,” అని స్వామి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. తరువాత గవరయ్యతో అన్నాడు, “వెళ్లి ఆ అబ్బాయిని అడిగిరా, ఎందుకు రావడంలేదో.”

గవరయ్య దిగి మంచులోకి నడిచాడు. నాలుగడుగులు వేసేసరికి తన బండి లేదు, ఇంకొంత నడిచేసరికి సన్నిబాబు బండి వచ్చింది.

“ఏరా, దారిస్తే రావేటి?”

“అదేటన్నా అలాగంటావు?” అన్నాడు సన్నిబాబు. “నువ్వెక్కే బండి, నాది దిగే బండి. ఎక్కేది ఆగకూడదని నాకు చెప్పింది నువ్వే గదా. ఇంతకీ బండిలో ఎవరున్నారు?”

“స్వామి ఉన్నాడు. ఇంకో అమ్మ ఉంది. చోడవరం ఆవిడ. ఆవిడ చెల్లెలికి ఇయ్యాల మౌనదీక్ష. శంఖం ఊదేలోగా ఒక్క మాట...” అంటూ గవరయ్య ఆగిపోయాడు.

బండిలో అతని చెవి మీదినుంచి జారిపోయిన మాటలు ఇప్పుడు అతని నోట్లోంచే వచ్చి అతనికి వినిపించాయి. తొమ్మిదేళ్లు. మాట పడిపోయిన తల్లి. పాలబండి, భజన, దీపాలు. తాను ఇంతసేపూ ఇస్తూ వచ్చింది ఎవరి సమయమో అప్పుడు గవరయ్యకు అర్థమైంది. గట్టిగా అరవబోయాడు. ఎవరిని పిలవాలో, ఏమని పిలవాలో తెలియలేదు.

అంతలో మంచు చీలింది. తన బండే ఎదురుగా వచ్చేస్తోంది. తోలే సీటులో కంబళి కప్పుకున్న స్వామి ఉన్నాడు.

గవరయ్య ఒక్క గెంతున కొండరాయికి వీపు ఆనించాడు. బండి అతని పొట్టను రాసుకుంటూ వెళ్లింది. వెనక సీటులో నూకరత్నం ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో సంచి పట్టుకుని ఉంది. ఆవిడ కళ్లు అతని మీద లేవు, బాట మీద లేవు, ఇంకా కనబడని మందిరం మీద ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి. వరాలూ, వరాలూ అంటున్నాయి. బడి గంట కొట్టేశాక పరిగెత్తే పిల్ల మొహంలా ఉంది ఆ అరవై ఏడేళ్ల మొహం. ఆ మొహం మంచులో కలిసిపోయింది.

“స్వామికి బండి తోలడం ఒచ్చా అన్నా?” అన్నాడు సన్నిబాబు నెమ్మదిగా.

“రాదు,” అన్నాడు గవరయ్య. బండ్లు వచ్చిన కొత్తలో స్వామి ఒకసారి సరదాపడి తోలి నేరుగా కాఫీ తోటలోకి దింపేశాడు. ఆనాటినుంచి ఆయన్ని ఆ సీటు దగ్గరికి రానివ్వకుండా అందరూ ఎంతో వినయంగా చూసుకుంటూ వస్తున్నారు.

గవరయ్య పైకి పరిగెత్తాడు. పరుగు కాస్తా కొంతదూరానికి నడకైంది, నడక కాస్తా ఆయాసమైంది. పైనెక్కడో స్వామి గొంతు వినబడుతోంది, “ఒస్తన్నామండీ, ఒస్తన్నామండీ” అని. బండ్లవాళ్ల యాసలోనే అంటున్నాడు. ఆ గొంతు మలుపు మలుపుకూ చిన్నదై, తరువాత ఉందో లేదో తెలియకుండా పోయింది. దిగే బండ్లు ఒకటో రెండో ఎదురొచ్చాయి. కావిళ్లవాళ్లు ఎవరో ఎదురొచ్చారు. గవరయ్య రాతి వారకు ఒదుగుతూ, కాఫీ కొమ్మలు తోసుకుంటూ వాళ్లందరినీ తప్పుకుని ఎక్కాడు. కాళ్ల కింద నేల మెత్తగా ఉంది. కలలో ఎంత నడిచినా ఊరు రాదే, అలా ఉంది.

పదో అరుగు దగ్గర శంఖం వినిపించింది.

గవరయ్య నిలబడిపోయాడు. ఆ ధ్వని కొండమీదినుంచి దిగి, అతని మీదుగా, తోట మీదుగా, కిందికి ఎంతసేపో పోయింది. పోయాక చుక్కలు రాలే చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. బండి చేరిందా? చేరకపోతే ఆవిడ మొహం ఎలా చూడాలి? జీవితంలో చాలాసార్లు భయపడ్డాడు, లారీ బ్రేకులు పోయిన రోజున కూడా భయపడ్డాడు, ఇలా ఇంకొకరి కోసం భయపడడం అతనికి ఇదే మొదలు.

మందిరం ముందు బండి వంకరగా నిలబడి ఉంది. దాని ముందు చక్రాలు రెండూ బంతిమొక్కల మడిలో దిగబడ్డాయి. మెట్ల మీద నూకరత్నం కూర్చుని ఏడుస్తోంది. చెవుల మీదుగా గడ్డం కిందికి ఒక తెల్లని ఉత్తరీయం కట్టి ఉంది. ఆ ఏడుపు ఏ ఏడుపో గవరయ్య పోల్చుకోలేకపోయాడు. నాలుగు మెట్ల కిందే ఆగిపోయాడు.

“ఒచ్చేవా బాబూ,” అంది ఆవిడ తల ఎత్తి. “ఏటందో తెలుసా అది? గుమ్మంలో నన్ను చూసింది. కూకున్నది లేచి ఒచ్చింది. ఇంత మంచులో చెవులకి గుడ్డ కట్టుకోకుండా ఒచ్చేవేటక్కా, అంది. దాని బుజం మీది గుడ్డ తీసి కట్టింది. అంతే, ఊదేసినారు.” ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. “తొమ్మిదేళ్ల తరవాత మాట, చూడు! చెవులకి గుడ్డ కట్టుకోలేదేటని!”

గవరయ్యకు కళ్లు నిండాయి. సంతోషమే, కాని అందులో ముల్లు ఉంది. ఆ ముల్లును ఆవిడే తెలియక నొక్కింది.

“తప్పయిపోయిందే వరాలూ అని చెబుదామనుకున్నాను. నోరు తెరిచేసరికే శంఖం పడింది. అయినా చెప్పేననుకో, అదేమో ఇటు చూడకుండా కళ్లు మూసేసుకుంది. ఇందో లేదో. ఇంకో రెండు నిమిషాలు ముందొచ్చుంటే బాగుండును. ఏటి చేస్తాం, మంచు.”

అవునమ్మా, మంచు, అంటే సరిపోయేది. ఆవిడా నమ్మేది, లోకమూ నమ్మేది.

“మంచు కాదమ్మా,” అన్నాడు గవరయ్య. “నానే. పాలబండి దగ్గర ఆగక్కర్లేదు. భజనోళ్లని పిలవొచ్చు. ఆ దీపాల దగ్గరయితే మరీను. మీ రెండు నిమిషాలూ నానే పంచిపెట్టేసేను.”

నూకరత్నం అతని వంక చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ ఉత్తరీయం ముడి సర్దుకుంది.

“ఆలీసం చేసినోళ్లకి ఎలాగుంటాదో నాకు తెలుసు బాబూ,” అంది. “కూకో. ఆయాసం తీర్చుకో.”

గవరయ్య ఆవిడ పక్కన ఒక మెట్టు కింద కూర్చున్నాడు. లోపల ఏడుగురు మాటలు మానేసి కూర్చున్నారు. కొంతసేపటికి ఆవిడ లేచి, గుమ్మం దగ్గరికి వెళ్లి, చెల్లెలి వీపు కనబడేచోట స్తంభానికి ఆనుకుని నిలబడింది.

స్వామి బంతిమడిలో గొంతుక్కూర్చుని చక్రాల కింద నలిగిన మొక్కలను ఒక్కొక్కటే లేపి మట్టి నొక్కుతున్నాడు. గవరయ్య వెళ్లి పక్కన కూర్చుని ఒక మొక్కను అందించాడు.

“స్వామీ, తెలిసి కూడా ముందే ఒక్క మాట అనకపోయేరు.”

“అనవలసింది,” అన్నాడు స్వామి. “నా చెవిన పడ్డ మాట నీ చెవినా పడుతుంది కదా అని అరుగు అరుగునా చూశాను. ఆవిడ పోగొట్టుకున్న దాంట్లో నాకూ వాటా ఉంది.”

మొక్క నిలబడలేదు. స్వామి దానికి ఒక పుల్ల ఊతం పెట్టాడు.

“ఎనిమిదో అరుగు దగ్గర నిన్ను దాటి వచ్చాను,” అన్నాడు. “నీకు చెయ్యి ఎత్తానా?”

గవరయ్య జ్ఞాపకం తెచ్చుకోబోయాడు. కొండరాయి చల్లదనం జ్ఞాపకం వచ్చింది. కంబళి అంచు జ్ఞాపకం వచ్చింది. కమ్మీ మీద బిగిసిన వేళ్లు, కదిలే పెదాలు, వరాలూ, వరాలూ. అంతకుమించి ఎంత వెతికినా దొరకలేదు.

“చూళ్లేదు స్వామీ,” అన్నాడు చివరికి. “నాను ఆ అమ్మ మొకం చూస్తన్నాను.”

స్వామి తల ఊపాడు. చేతుల మట్టి దులుపుకున్నాడు.

“అయితే ఇవాళ దారి ఇచ్చావు,” అన్నాడు.